బందరు దాకా మలుగుపాము

మెదక్‌లో సైన్సు టీచరుగా చేరాక మన్సూరా చేపల సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. హైదరాబాదులో ఆమె పరిశోధన చేపల హార్మోన్ల మీదే. గైడు చనిపోవడంతో అది సగంలో ఆగింది. ఇక్కడ బడి, కిరాయి గది, అంతే. సెలవు వస్తే పొద్దుగూకేదాకా నోరు విప్పే పని ఉండేది కాదు.

ఆ వానాకాలం జాలరి గాలయ్య మంజీరలో చిక్కిన మలుగుపామును అంగడికి తెచ్చాడు. పాములా పొడుగాటి చేప. పొట్ట వెండిలా మెరుస్తోంది, కళ్లు పెద్దవయ్యాయి. గుడ్లు పెట్టడానికి సముద్రానికి బయలుదేరిందని మన్సూరాకు చూడగానే తెలిసిపోయింది.

“ఏమేసినా ముడ్తలేదు టీచరమ్మా. కూరకైతే మంచిగుంటది,” అన్నాడు గాలయ్య.

ఆమె దాన్ని తెచ్చి గంగాళంలో వేసింది. సముద్రపు నీళ్లకు అలవాటు కావాలని రోజూ కొంచెం కొంచెంగా దొడ్డుప్పు కలుపుతూ వచ్చింది. ఇంటామె దానమ్మ నడుం మీద చేయి పెట్టుకుని చూసేది.

ఒక సాయంత్రం మన్సూరా కేక పెట్టింది. “దానమ్మక్కా, నీళ్లు తాగుతున్నది!”

“నీళ్లల్లుండే చేప తాగుడేంది?”

“నదిల తాగే పన్లేదక్కా. నీళ్లు అవే ఒంట్లకొస్తయి. ఉప్పునీళ్లల్ల ఉల్టా, ఒంట్ల నీళ్లు బయటికి పోతయి. గందుకే తాగాలె. మెదడు కింద చిన్న గ్రంథి ఉంటది, హార్మోన్లతోని గదే హుకుం ఇస్తది.”

“ఉప్పునీళ్లు నా మల్లెచెట్టుకు పొయ్యకు మరి,” అని దానమ్మ లోపలికి పోయింది.

గైడు బతికుంటే ఆ క్షణమే ట్రంక్‌కాల్ చేసి చెప్పి ఉండేది. మన్సూరా గంగాళం పక్కనే చాలాసేపు కూర్చుంది.

మంజీరకు దిగువన నిజాంసాగర్ కట్ట ఉంది. నదిలో వదిలితే సముద్రానికి దారి లేదు. దసరా సెలవుల్లో చేపను పాలక్యానులో వేసుకుని బస్సెక్కింది, తర్వాత రైలు. దారి పొడుగునా ఉప్పునీళ్లు మారుస్తూ బందరు చేరింది.

సముద్రంలో మోకాలి లోతున నిలబడి క్యాను వంచింది. చేప ఆమె పాదాల దగ్గర కాసేపు ఆగి, సర్రున పోయింది. “అదిగో!” అంటూ వెనక్కి తిరిగింది. బోర్లించిన పడవలు తప్ప మనిషి లేడు. చీర కుచ్చిళ్లు ఆరేదాకా ఇసుకలోనే కూర్చుండిపోయింది.

తిరిగొచ్చేసరికి దానమ్మ వాకిట్లో ఉంది.

“పోయిందా?”

“పోయింది.”

“రా, అన్నం తిందువు.” పులుసు పోస్తూ అడిగింది, “ఇంకెంత దూరం పోవాలె గది?”

“తెల్వదక్కా. యాడ గుడ్లు పెడ్తదో ఇంతవరకు ఎవ్వరు చూడలే.”

దానమ్మ “అయ్యో” అని, తన కంచం తెచ్చుకుని ఆమె ఎదురుగా కూర్చుంది.