కుట్టేసిన పేజీ

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. పిచ్చుక వాళ్లమ్మ కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి, మేలు దాకా వెళ్లే తీరిక ఆమెకెప్పుడూ చిక్కలేదు. కూతురు పిచ్చుక తుమ్మితే జ్వరమొచ్చినట్టే, బడి నుంచి కాస్త ఆలస్యమైతే ఏ బండో గుద్దేసినట్టే. "మబ్బు పట్టకముందే గొడుగేసే రకం నువ్వు," అని మొగుడు నవ్వేవాడు.

ఇంట్లోనే మిషను పెట్టుకుని చిరిగిన చొక్కాలు, వదులైన గౌన్లు సరిచేసేది. ఆమెకు చదువు అంతంతమాత్రం. పిచ్చుక ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది. బడి నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకాన్ని తల్లి ముందుగా తాను తిరగేసింది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. ఉడతపిల్ల కథ. చెట్టు దిగింది, కాయలు ఏరింది, బాగానే ఉంది. తర్వాతి పేజీ తిప్పింది. రెండు పేజీల నిండా నల్లటి అడవి, మూలన వేలెడంత ఉడతపిల్ల. 'అమ్మా అని పిలిచింది. ఎవరూ పలకలేదు.'

పలక్కపోవడమేమిటి? ఇది చదివాక పిల్లకు నిద్ర పడుతుందా? ఇక ఆలోచించలేదు. ఆ రెండు కాగితాలనూ చేర్చి, అంచు వెంట తెల్లదారంతో సన్నగా కుట్టేసింది. చీకటంతా లోపల ఉండిపోయింది. ఉడతపిల్ల కాయలేరుకుని నేరుగా అమ్మ ఒళ్లో వాలింది. తిరిగిచ్చే ముందు విప్పేద్దామనుకుంది గానీ, మరిచేపోయింది.

తల్లిదండ్రుల ఎదుట పిల్లల చేత చదివించే రోజు వచ్చింది. పిల్లల కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న తల్లికి, పిచ్చుక చేతిలో ఉడత బొమ్మ అట్ట కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది కుట్టు.

"కా... యలు ఏ... రింది," అని వేలు పెట్టి చదివిన పిచ్చుక ఆగిపోయింది. టీచరమ్మ వంగి కాగితం అంచు తడిమింది.

"ఇదెవరు కుట్టారు?"

"పుస్తకానికి జేబు పెట్టారు టీచర్," అన్నాడు ముందు వరసలో ఒక గడుగ్గాయి. అందరూ నవ్వారు.

తల్లి ఆ చిన్న కుర్చీలో ఇంకా ముడుచుకుపోయింది. బడి పుస్తకం పాడుచేసింది ఈవిడేనని ఇంతమందీ తిరిగి చూస్తారే!

"నాకు తెలీదు టీచర్," అంది పిచ్చుక, తల్లి వైపు చూడకుండా. అలా చూడకపోవడంలోనే తెలిసిపోయింది, పిల్లకు అంతా తెలుసని.

"సరేలే, అది వదిలేసి చదువు."

"వద్దు టీచర్, చదువుతా." పుస్తకాన్ని నిలబెట్టి, కుట్టిన కాగితాలను గొట్టంలా ఉబ్బించి, ఒక కన్ను మూసి పైనుంచి లోపలికి చూసింది. "చీకటి పడింది. అమ్మా అని పిలిచింది. ఎవరూ పలకలేదు." వేలు పెట్టలేదు, తడబడలేదు. ఎన్నిసార్లు చదివితే అంత ధారగా వస్తుంది!

"నీకు భయమెయ్యలేదా?" అని అడిగింది టీచరమ్మ.

"మొదట వేసింది. తర్వాతి పేజీలో వాళ్లమ్మ వచ్చేస్తుందిగా."

"లోపలిది చూశానని ఇంట్లో చెప్పలేదా మరి?"

"చెప్తే అమ్మకి భయమేస్తుంది టీచర్. మా అమ్మకి అన్నిటికీ భయమే."

మళ్లీ నవ్వులు. తల్లికి తల కొట్టేసినట్టయింది. తాను పిల్లకు చీకటి కనపడకుండా కుట్టింది. పిల్లేమో ఆ చీకటిని ఒంటరిగా చూసి, అమ్మ బెదిరిపోతుందని దాచి, ఇప్పుడు అమ్మ కోసం అబద్ధం కూడా ఆడింది. తానేమో ఎదురుగా కూర్చుని, ఆ అడవిలో లాగే, పలకలేదు.

లేచి నిలబడింది.

"నేనే కుట్టానండీ. పిల్ల తప్పేం లేదు."

ముందుకెళ్లి పుస్తకం అందుకుని, సంచీలోంచి చిన్న కత్తెర తీసింది. ఎంత పలచటి బట్టకైనా మచ్చ పడకుండా కుట్టు విప్పే చెయ్యి, ఇక్కడ పట్టు తప్పింది. దారంతో పాటు కాగితం మూల కూడా చిరిగింది. అంచు పొడవునా సూది బెజ్జాలు మిగిలాయి.

"పర్లేదండీ, అతికించుకుంటాం," అంది టీచరమ్మ. తిట్టినా బాగుండేది.

తల్లి చెవి దగ్గరికి వచ్చింది పిచ్చుక. "అయిపోయిందమ్మా. తర్వాతి పేజీ తిప్పు."

తల్లి తలెత్తలేదు. వంచిన తల వంచినట్టే, పేజీ తిప్పింది.