ఏమీ మార్చని ఫైలు

అక్క ఫోన్ చేసి, "ఒరే, దాని ఆట మధ్యలో ఆగిపోతోంది, వచ్చి చూడు" అంటే తమ్ముడు చేతిలో పని చేతిలోనే వదిలి బయల్దేరాడు. కంప్యూటర్లు బాగుచేసే కొట్లో ఆ రోజు అతనికి తల ఎత్తే తీరిక లేదు. అయినా అక్క 'దాని' అన్నదంటే అది మేనకోడలే. పిల్ల పోయి ఏడాది కావస్తున్నా ఆ ఇంట్లో పేరు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. బతికున్నప్పుడు కూడా అసలు పేరుతో పిలిచింది తక్కువే. అన్నం తినడానికో గంట, చెప్పులేసుకోవడానికో గంట చేసేదని మేనమామే దానికి నత్త అని పేరు పెట్టాడు. అది అలగలేదు సరికదా, ఆట మొదట్లో నీ పేరేమిటని కంప్యూటర్ అడిగితే ఆ పేరే కొట్టింది.

అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రోజంతా దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, ఇంటికి రాగానే పిల్ల గదిలోకి వెళ్లి ఆట పెట్టుకు కూర్చుంటుంది. కత్తి తిప్పడం ఆమెకు రాదు. రాక్షసుల జోలికి పోదు. తెరమీద భుజాన సంచీ వేసుకున్న పిల్లబొమ్మను మెల్లగా నడిపించుకుంటూ ఏటి ఒడ్డు ఊరికి తీసుకుపోతుంది. అక్కడి రేవులో పడవ నడిపే అవ్వ ఒకతె ఉంటుంది. నత్త ఎప్పుడో ఆమెకు సాయం చేసింది కాబట్టి, కనబడగానే "వచ్చావా నత్తా, నీకోసమే పడవ కట్టేసి ఉంచా" అంటుంది. ఆ మాట తెరమీద అక్షరాలుగా పడుతుంది. ఆ ఒక్క ముక్క చదువుకోవడానికే అక్క కూర్చునేది. ఆ పేరుతో పిలిచే నోరు ఇంకెక్కడా మిగల్లేదు మరి.

తమ్ముడు వెళ్లేసరికి ముందుగదిలో బావ కాళ్లు బారజాపుకుని ఉన్నాడు. సరుకుల వ్యాను తోలి తోలి నడుం పట్టేసిన మనిషి.

"వచ్చాడమ్మా డాక్టరు. ఇంట్లో చీపురు ముట్టుకోడు గానీ, ఊళ్లోవాళ్ల ఆటలన్నీ ఊడుస్తాడు."

"నువ్వు నీ వ్యాను ఊడ్చుకో బావా, ముందు."

"నా వ్యాను ఆగితే తోస్తే కదులుతుంది. దాన్ని తొయ్యి చూద్దాం." బావ గొంతులో నవ్వు లేదు. "ఆ కంప్యూటర్ని అమ్మేద్దామంటే మీ అక్క వినదు."

బావ అన్నది నిజమే, తమ్ముడికి పేరొచ్చింది ఆ ఊడ్పుతోనే. ఆటలు ఆడేవాళ్లు ఉన్న ఆటతో ఊరుకోరు. ఒకడు కొత్త కోట కడతాడు, ఇంకొకడు కొత్త యుద్ధం తెస్తాడు. అలా అతికించుకునే ఫైళ్లను మోడ్‌లు అంటారు. తయారుచేసేటప్పుడు పొరపాటున తగిలిన ప్రతి చెట్టూ, ప్రతి తలుపూ, ఏ మార్పూ లేకపోయినా ఆ ఫైల్లోకి వచ్చి కూర్చుంటాయి. వాటివల్ల ఒక మోడ్ ఇంకోదానితో కొట్లాడుతుంది, ఆట ఆగిపోతుంది. ఈ చెత్త ఏరడానికో ఎడిటింగ్ టూల్ ఉంది. అసలు ఆటలో ఉన్నదాన్నీ మోడ్‌లో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. రెండూ ఒకటే అయితే మోడ్‌లోది దండగ అని తీసేస్తుంది. ఆ టూల్ మీద చెయ్యి తిరిగినవాడు కాబట్టే ఆటల జనం అతన్ని చీపురన్న అంటారు.

పిల్ల గదిలో కూర్చుని అతను పని మొదలుపెట్టాడు. ముందు డిస్కు చూశాడు, పీకలదాకా నిండి ఉంది. నత్త ఎక్కడపడితే అక్కడ, ఆడినంతవరకూ ఆట దాచుకుంటూ పోయింది. ఆ పాత సేవ్‌లన్నీ తుడిచేసి, అక్క రోజూ తెరిచే చివరిదాన్ని మాత్రం ఉంచాడు. తర్వాత మోడ్‌లు. పెద్దది తను ఎక్కించినదే, యుద్ధం మోడ్. కథ సగం దాటాక శత్రువులు వచ్చి ఏటి ఒడ్డు ఊళ్లన్నీ తగలబెడతారు. అప్పట్లో అది వద్దని పిల్ల గోల చేసింది. "ఏడుపు లేకపోతే అదేం ఆటే" అని తనే దాని నోరు మూయించాడు.

అన్నిటికంటే అడుగున ఒక చిన్న ఫైలు కనబడింది, 'నత్తది' అనే పేరుతో. టూల్‌లో తెరిచాడు. రేవు మెట్లు, పడవ, గుడిసెలు, అవ్వ. అన్నీ అసలు ఆటలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒక్క అక్షరం తేడా లేదు.

"ఏం చేసిందిరా అందులో?" తలుపు దగ్గర నుంచి అక్క అడిగింది.

"ఏమీ చెయ్యలేదక్కా. అన్నీ కెలికి వదిలేసింది. ఒక్కటీ మార్చలేదు."

అక్క ఏదో అనబోయింది. పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడైతే అటు పరిగెత్తింది. అతను మీట నొక్కాడు. టూల్ చకచకా ఏరిపారేసింది. ఫైల్లో పేరు తప్ప ఏమీ మిగల్లేదు.

"రా అక్కా, చూసుకో."

అక్క చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఆట ఆగలేదు. ఎన్నడూ లేనంత సాఫీగా నడిచింది. పిల్లబొమ్మ గుట్ట దిగి, పొలిమేర రాయి దాటింది. దాటగానే, ఆ ఆటకున్న అలవాటు ప్రకారం, పాత సేవ్ మీద కొత్తది తనంతట తానే రాసేసుకుంది.

ఊరు లేదు. నల్లటి వాసాలు నిలబడి ఉన్నాయి. రేవు మెట్ల మీద అవ్వ బోర్లా పడి ఉంది.

"ఇదేంట్రా?" అంది అక్క.

చూసిన క్షణంలోనే అతనికి తెలిసిపోయింది. మోడ్‌లలో చివరిది చెప్పిందే చెల్లుతుంది. యుద్ధం మోడ్ ఊరు తగలబెట్టమంటోంది. దాని కింద నత్త తన ఫైలు పెట్టుకుని, కాదు, ఊరు మొదట్లో ఎలా ఉందో అలాగే ఉండాలంటోంది. అందుకే అందులో తేడా లేనిది. పక్కన యుద్ధం మోడ్ పెట్టి చూసి ఉంటే కొత్తగా నేర్చుకునేవాడికైనా అర్థమయ్యేది. తను చూడలేదు. పిల్ల చేసిందే కదా అనుకున్నాడు.

"నాకు చెప్పింది అది," అక్క తెర మీదనుంచి చూపు తిప్పకుండా అంది. "మామ యుద్ధం తెచ్చాడు, నేను దాన్ని ఊళ్లోకి రానివ్వకుండా చేశా అని. నీకు చెప్తే నవ్వుతావని చెప్పలేదు."

"ఒక్క నిమిషం, అక్కా. టూల్ పాతదాన్ని ఒక కాపీ దాస్తుంది. వెనక్కి తెస్తాను."

తెచ్చాడు. ఆట మళ్లీ పెట్టాడు. గుడిసెలు వచ్చాయి, కప్పుల మీద పొయ్యి పొగ లేచింది, పడవ నీళ్లలో ఊగుతోంది. అవ్వ మాత్రం లేవలేదు. ఇల్లయితే ఫైలు చెప్పినట్టు నిలబడుతుంది. మనిషి చావును మాత్రం సేవ్ గుర్తుపెట్టుకుంటుంది. పాత సేవ్‌లు వెతకబోయి, వాటిని తుడిచింది ఎవరో గుర్తొచ్చి మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత డిస్కంతా జల్లెడ పట్టాడు. పోయినవాటిని వెలికితీసే ప్రోగ్రాములూ నడిపాడు. ముక్కలు దొరికాయి గానీ ఏదీ తెరుచుకోలేదు.

చివరికి, మనుషుల్ని కొత్తగా పుట్టించే ఆజ్ఞ ఒకటుంటే అది కొట్టాడు. మెట్ల మీద ఇంకో అవ్వ నిలబడింది. అదే మొహం, అదే వంగిన నడుం.

"చూడక్కా, ఉంది."

అక్క పిల్లబొమ్మను దగ్గరికి నడిపించింది. అవ్వ తల తిప్పి చూసింది. అక్షరాలు పడ్డాయి: "ఎవరమ్మాయివి? నిన్నెప్పుడూ ఈ రేవులో చూడలేదే."

అక్క ఆ వాక్యాన్ని పెదవులు కదుపుతూ చదివింది. మళ్లీ చదివింది.

"దీన్ని తీసెయ్."

"అక్కా, రోజూ మాట్లాడిస్తుంటే..."

"తీసెయ్‌రా. తీయడం వచ్చుగా నీకు."

తీసేశాడు. అక్క అతని చేతి కింది నుంచి మౌస్ లాక్కుని, పిల్లబొమ్మను పడి ఉన్న అవ్వ దగ్గరికి తీసుకెళ్లింది. చచ్చినవాళ్ల దగ్గర ఆట అడిగేది ఒకటే. తెర కింద ఆ ప్రశ్న వెలిగింది: "ఒంటి మీదివి తీసుకుంటావా?"

"ఏం చెప్పాలి దీనికి?"

"ఏమీ నొక్కకక్కా."

ఆమె నొక్కలేదు. అలాగని లేవనూ లేదు. పిల్లబొమ్మ భుజం మీద సంచీ సర్దుకుంటూ, ఈ కాలి మీదనుంచి ఆ కాలి మీదకు ఒరుగుతూ జవాబు కోసం నిలబడింది.

ముందుగదిలోనుంచి బావ కేకేశాడు. "ఏమోయ్, బాగయిందా?"

"బాగయింది," అంది అక్క. "ఇంక ఆగట్లేదు."