ఒకే దుప్పటి ముక్కలు

చెత్త బండి అతను ఆ ఇంటి బుట్ట ఎత్తినప్పుడల్లా ఒక మాట విసిరి పోయేవాడు. "ఏమ్మా, మీ ఇంట్లో రోజూ విందేనా?"

విందూ లేదు, వినోదమూ లేదు. ఉన్నది పళ్లొస్తున్న చంటివాడు ఒకడు. వాడి మూతి తుడిచిన తడి కాగితాలు, పొయ్యిగట్టు తుడిచిన కాగితపు చుట్టలు, గిన్నెల మీద కప్పి పీకిపారేసిన ప్లాస్టిక్ పొరలు, అన్నీ కలిసి మధ్యాహ్నానికే బుట్ట మూత పడనిచ్చేవి కావు. ఆ మాట పడీ పడీ విసిగిపోయి, కోడలు ఒకరోజు బీరువా అడుగునుంచి పాత నీలం దుప్పటి లాగి, ముక్కలు కోసి, అంచులు మడిచి కుట్టింది. మిగిలిన గుడ్డకు చుట్టూ ఎలాస్టిక్ వేసి గిన్నెల మీదికి మూతలు చేసింది.

"గిన్నెలకి టోపీలు కుట్టింది మా కోడలు. ఇక వాటికి జలుబు చేయదు," అని అత్త నవ్వింది.

నవ్వితే నవ్వారు. కోడలికి కావలసింది బుట్ట ఖాళీగా ఉండడం, బిడ్డ నోరు శుభ్రంగా ఉండడం. అందుకని వంటింటి గోడకు వరసగా మేకులు కొట్టించింది. మొదటి మేకు బిడ్డ మూతి గుడ్డలకు, దాని పక్కది కంచాలకు, ఆ తర్వాతది పొయ్యిగట్టుకు, చివరిది నేలకు. ఇంట్లో అందరికీ చెప్పింది. కనీసం చెప్పాననుకుంది.

కిందటి నెల బిడ్డకు విరేచనాలు పట్టుకుని, ఆ పిడికెడు చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తుంటే ఆమె ప్రాణం అరచేతిలోకి వచ్చింది. నోటికి తగిలేది ఏదైనా శుభ్రంగా ఉండాలమ్మా అని డాక్టరు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో గింగురుమంటూనే ఉంది. మళ్లీ అలా జరిగితే, అదీ తను కుట్టిన గుడ్డల వల్లే జరిగితే, వేరే ఎవరూ అననక్కరలేదు. తనను తానే తిట్టుకుని చస్తుంది.

ఆ ఆదివారం ఆమె డాబా మీద బట్టలు ఆరేసి దిగి వచ్చేసరికి, భర్త బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని క్యారెట్ గుజ్జు తినిపిస్తున్నాడు. చేతిలో నీలం గుడ్డ. బిడ్డ మూతి, ముక్కు, చెవులు కూడా తుడుస్తున్నాడు. బిడ్డ ఆ గుడ్డ కొసను చీకుతున్నాడు.

"ఏ మేకు మీదదండీ అది?"

"మేకేంటి? దొంతర్లోంచి తీశా."

"ఏ దొంతర?"

భర్త గడ్డంతో అల్మారా వైపు చూపించాడు. నీలం గుడ్డలన్నీ చక్కగా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మేకులు నాలుగూ బోసిగా ఉన్నాయి.  ఆమె గుడ్డను బిడ్డ నోట్లోంచి లాగేసరికి వాడు ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు.

"అత్తయ్యా! ఈ గుడ్డలు మీరు తీశారా?"

"తీసి ఉతికి ఆరేసి మడిచా. సాయం చేస్తే తప్పా?"

"నేల గుడ్డలు కూడా వీటితోనే ఉతికారా?"

"ఉతకడమేంటే, ఉడకబెట్టా! పొద్దున ఆ పెద్ద గిన్నెలో అన్నీ వేసి కుతకుతలాడించా. ఇంకే క్రిమి బతుకుతుంది చెప్పు?"

"ఏ పెద్ద గిన్నె?"

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది. "అదే... వాడి పాలసీసాలు మరిగిస్తావే, ఆ గిన్నె. తర్వాత తోమాలే!"

కోడలు రెండు చేతులతో తల పట్టుకుని నేల మీద కూలబడింది.

"ఉడికినవే కదా, దేనికి అంత కంగారు?" అన్నాడు భర్త.

"మీకేం, మీరు లిఫ్టులు బాగుచేసుకుంటారు. ఆగిపోతే ఒక మీట నొక్కితే కదులుతుంది. వీడికెక్కడుందండీ మీట?"

"నిజంగా చూస్తే తప్పు నీదే. అన్నీ ఒకే దుప్పట్లోంచి కోస్తే ఏది మూతిదో ఏది నేలదో మాకెలా తెలుస్తుంది?"

ఆ మాటకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే అది నిజం. మేకులున్నాయి కదా అనుకుంది గానీ, గుడ్డ మేకు దిగిన తర్వాత అది దేనిదో చెప్పే గుర్తేదీ పెట్టలేదు.

ఆ సాయంత్రం వరకూ ఇంట్లో ఎవరికీ పని సాగలేదు. బిడ్డ మూలిగితే ముగ్గురూ లేచారు. వాడు మాత్రం గరిటెతో నేలను బాదుతూ హాయిగా ఉన్నాడు. పొద్దుగూకే వేళ వాడు ముక్కుతూ మొహం ఎర్రగా చేసుకున్నప్పుడు ముగ్గురూ పరిగెత్తి వచ్చి, ఊపిరి బిగబట్టుకుని, లంగోటీ మీదికి మూడు తలలూ వంచారు.

"గట్టిగానే ఉంది!" అని అత్త పండగ కబురులా ప్రకటించింది. "క్యారెట్ రంగులో, బంగారంలా ఉంది!"

కోడలు బిడ్డను కడిగి, పొడి బట్ట కట్టి, అత్త ఒళ్లో పెట్టింది. తర్వాత నీలం గుడ్డల దొంతర మొత్తం తీసి ఒకే మేకుకు, చివరి మేకుకు తగిలించింది. "ఏది ఏదో తెలియనప్పుడు అన్నీ నేలకే." పాలసీసాల గిన్నెలో మళ్లీ నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. బీరువా తెరిచి, భర్త ప్రాణంగా చూసుకునే నారింజ రంగు టీషర్టు తీసింది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడినది. కత్తెర పట్టుకుంది.

"ఏయ్, అది నాది! నాకిష్టమైంది!"

"తెలుసండీ," అంది టీషర్టు చెయ్యి దగ్గర కోస్తూ. "వీడి మూతి గుడ్డలు ఇక మీదట ఇవే. దీన్ని మాత్రం మీరు ఏ దొంతర్లో ఉన్నా గుర్తుపడతారు."

భర్త తల్లి వైపు చూశాడు. అత్త బిడ్డ బుగ్గ గిల్లుతూ, "రెండో చెయ్యి జాగ్రత్తగా కొయ్యవే, కుట్టు దగ్గర గరుకుంటుంది," అంది.