తోట పరదా

రామ్మోహనరావు నోటి మాట నమ్మడమే తమ ఇంటికి పట్టిన శని అని తిరుమల్ పద్దెనిమిదేళ్లుగా అంటూనే ఉన్నాడు. సికింద్రాబాద్‌లో నాటక సమాజం నడిపే ఆ పెద్దమనిషి ఒకనాడు చిలకలగూడలో వీళ్ల ఇంటికొచ్చి, చాయ్ తాగి, "సోమయ్యా, పాత పరదాలు కంతలు పడిపోయాయి. ఏడూ కొత్తగా రాసెయ్. ఇకమీదట మా నాటకాలన్నిటికీ నీ పరదాలే" అన్నాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ మాట మీద తిరుమల్ తండ్రి సోమయ్య తిరుమలగిరిలో ఉన్న ఒక్క ప్లాటూ అమ్మి, గుడ్డ కొని, రంగులు కొని, నాటకంలో వెనక దించే ఏడు పరదాల మీద బొమ్మలు రాశాడు. నాలుగేళ్లు తిరిగాయో లేదో వేదికల మీదికి ఫ్లెక్సీలు వచ్చాయి, వాటి వెనకే ఎల్‌ఈడీ తెరలు. పరదాలు వెదురుబొంగులకు చుట్టుకుని వరండా కొక్కేలెక్కాయి.

మూడు నెలల కింద సోమయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. కొడుకు పేరు పోయింది. చిత్రంగా పరదాల పేర్లు మాత్రం నిలిచాయి: దర్బారు, వీధి, అడవి, పూరిల్లు, కైలాసం, తోట. ఏడోది శ్మశానం. ఆ పేరు ఆయనకు మిగిలిందో పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన ఒక్కసారీ అనలేదు.

ఆ భాష ముందు పట్టుకున్నది కోడలు వసుధ. "పూరిల్లు" అంటే వంటగది, ఆకలైందని. "వీధి" అంటే గేటు దగ్గర కుర్చీ వెయ్యమని. "అడవి" అన్నప్పుడు మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

"ఉరుకు, మామ అడవి అంటుండు! మల్ల దుప్పట్లు ఉతికేది నేనే" అని మొగుణ్ణి తరిమేది.

డాక్టరు గదిలో అందరూ చేతులు కట్టుకుని నిలబడితే ముసలాయన చుట్టూ చూసి "దర్బారు" అన్నాడు. డాక్టరు కూడా నవ్వి, ఆ తర్వాత ఒక మాట చెప్పాడు. ఆయన అడిగేది మీకు అర్థమవుతోందని ఆయనకు తెలియాలి, లేకపోతే విసిగిపోయి ఈ నాలుగు మాటలూ మానేస్తాడు.

చిక్కంతా తోటతోనే. సాయంత్రం తిరుమల్ ఆటో పెట్టి లోపలికి రాగానే సోమయ్య ఎడమ చేత్తో చొక్కా పట్టుకుని "తోట" అనేవాడు. పార్కుకు తీసుకెళ్లారు, కాదన్నాడు. పూలకుండీ తెచ్చి పెట్టారు, తోసేశాడు. మొదట్లో పదేసిసార్లు అనేవాడు, ఈ వారం రోజుకొక్కసారికి దిగింది. నిన్న చొక్కా పట్టుకుని, నోరు తెరిచి, ఏమీ అనకుండానే వదిలేశాడు. తిరుమల్‌కు ఆ రాత్రి అన్నం దిగలేదు.

పొద్దున్నే రామ్మోహనరావు దిగాడు. ఎవరో హోటలాయన గోడలకు పాత పరదాలు కావాలన్నాడట.

"మూల పడేసి ఎలకలకు పెట్టే బదులు అమ్మెయ్యవయ్యా తిరుమలూ. చూసి పోదామని వచ్చాను."

"మాట నిలుపుకునేటప్పుడు గింత తొందర లేకుండె సార్ మీకు" అన్నాడు తిరుమల్. అయినా పరదాలు దించాడు. మందులకు కావాలి మరి.

డాబా మీద ఎండలో ఒక్కొక్కటే పరిచారు. సోమయ్యను కుర్చీతో సహా పైకి మోశారు. ఆయన చూస్తూ వరసగా పేర్లు చెప్పాడు, బడిలో హాజరు పిలిచినట్టు. ఆరోది తోట. తిరుమల్ తాడు విప్పి, దొర్లించి, అలవాటు కొద్దీ బొమ్మ తలకిందులయ్యే అవతలి వైపుకు నడిచాడు.

ఎనిమిదో తరగతిలో బడి మానేసి నాటకాల్లో పరదాల తాడు పట్టినవాడు అతను. తాడు లాగేవాడికి పరదా ఎప్పుడూ వెనక వైపే. సోమయ్య రాసేటప్పుడు పగలంతా ఇతను ఆటో మీద ఉండేవాడు. రంగు ఆరాక బొమ్మ లోపలికి చుట్టి ఇచ్చేవాడు ముసలాయన. నాటకం నడుస్తుండగా ముందుకెళ్లి చూసే తీరిక ఏనాడూ లేదు.

"ఇటు రా" అన్నాడు రామ్మోహనరావు, గొంతు తగ్గించి. "ముందు నుంచి చూడు."

రాజుగారి ఉద్యానవనం. పాలరాతి మెట్లు, నెమలి, పూలతీగలు. వాటి వెనక ఎడమ పక్కన నాలుగు సీతాఫలం చెట్లు. పిడి సగం విరిగిన చేతి బోరు. ఆ వెనక మిలిటరీ వాళ్ల సున్నం గోడ. చుట్టూ నాలుగు హద్దు రాళ్లు.

ఆ బోరు పిడి విరగ్గొట్టింది తిరుమలే, పదేళ్లప్పుడు.

"మొదటి ఆట రోజే పోల్చుకున్నాను" అన్నాడు రామ్మోహనరావు. "మీ ప్లాటు అమ్మకం రిజిస్ట్రేషన్‌కి సాక్షిని నేనే కదా. నీకు తెలుసనుకున్నానయ్యా. మళ్లీ ఆ మాటెత్తే మొహం నాకు లేకపోయింది."

సోమయ్య కుర్చీలోంచి వంగుతున్నాడు. వసుధ పట్టుకుని పరదా పక్కన కూచోబెట్టింది. ఆయన కొడుకు చెయ్యి అందుకుని, నాలుగు రాళ్ల నడుమ బోర్లా పెట్టి, పైన తన ఎడమ చెయ్యి ఉంచి అదిమాడు.

"తోట."

"సమజైంది నాయినా" అన్నాడు తిరుమల్. "నాదే. నాకే ఇచ్చినవ్."

ముసలాయన మొహం సగం నవ్వింది. మిగతా సగం కదల్లేదు. ఆ పూట ఆయన మళ్లీ తోట అనలేదు, అనవలసిన పని లేకపోయింది. "పూరిల్లు" అన్నాడు. వసుధ కళ్లు తుడుచుకుని, "ఆకలైంది మామకు" అంటూ కిందికి పరిగెత్తింది.

"కడమవి తీస్కపోండి సార్" అన్నాడు తిరుమల్. "గిదొక్కటి ఇల్లు దాటదు."

రామ్మోహనరావు తలూపి, తనూ ఒక కొస పట్టి చుట్టడానికి వంగాడు. పరదా వెనక మూలన గుడ్డ కొలత రాయడం ఈ పనిలో పద్ధతి. అక్కడ ఇరవై అడుగులు బై పన్నెండు అని ఉంది. ముందు వైపు, హద్దు రాయి కింద, గడ్డిలో కలిసిపోయేట్టు ఆకుపచ్చతోనే సోమయ్య ఇంకో కొలత రాసి పెట్టాడు: తిరుమలగిరి, రెండు వందల పన్నెండు గజాలు.