వదిన ఎక్కించిన మడత

హలో, హలో... నా గొంతు అందరికీ వినిపిస్తోందా? పనిలో ఉన్నవాళ్లు చెయ్యి ఆపకండి, చెవి ఇటు పడేస్తే చాలు. ఒక దర్జీ ఆవిడ సంగతి చెబుతాను.

ఆవిడను అందరూ అంగుళమ్మ అనేవారు. మనిషి గుమ్మంలోకి వస్తే చాలు, టేపు తీయకుండానే కొలత చెప్పేసేది. ఆరేళ్లుగా కీళ్లవాతం. పొద్దున్నే వేళ్లు విప్పుకోవడమే పెద్ద పని. అయినా కత్తెర వదల్లేదు. ఆమె కత్తిరించి కుడితే, అన్న భార్య బొత్తాలూ చేతికుట్లూ చూసేది. అంగుళమ్మకి చదువు రాదు కాబట్టి డాక్టరు చీటీలు చదివి, మాత్రలు తెచ్చి, నీళ్లగ్లాసుతో సహా అందించేదీ ఆ వదినే. "మా వదిన ఉండగా నాకేం దిగులు!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది అంగుళమ్మ.

ఒకరోజు ఇస్త్రీపెట్టె ఎత్తింది. అంతే, మణికట్టు పుల్లలా విరిగింది.

వదినను కొట్లో ఉంచి ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ కట్టు వేయించి, గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి, పాత ఫైలు తిరగేసింది.

"రెండంగుళాలు తగ్గారమ్మా. వెన్నుపూసలు నలిగినట్టున్నాయి. ఈ జబ్బే ఎముకల్ని గుల్ల చేస్తుంది, దానికి తోడు మీరు నొప్పులకి వేసుకునే స్టెరాయిడ్ మాత్ర. మూడు నెలలకి రండి, మాత్ర తగ్గిద్దాం, ఎముకల పరీక్ష చేయించుకోండి అని చీటీలో రాశాను కదా? ఏమైపోయారు?"

"నేను తగ్గడమేంటి డాక్టరమ్మా? నా నైటీలు నేనే కుట్టుకుంటా. ఒక్కటి నేలకి తగిలితే ఒట్టు!"

"మాత్ర మాత్రం ఒక్కసారిగా ఆపకండి. పరీక్ష చూసి నేనే మెల్లగా తగ్గిస్తా."

ఇంటికి రాగానే నాలుగేళ్ల కిందటి నైటీ అంచు తిరగేసింది. తను వేసిన మిషను కుట్టు పైన మరో మడత. దాని పైన ఇంకోటి. రెండూ చేతికుట్లే, ఎడమకి వాలిన కుట్లు. ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్క వదినదే. తక్కిన నైటీలు చూసింది. అన్నీ అంతే.

అవి చేతబట్టుకుని కొట్లోకి నడిచింది.

"ఇవేంటి వదినా?"

వదిన సూది పక్కన పెట్టింది. "కాళ్లకి తట్టుకుని పడతావని ఎక్కించానే."

"ఎందుకు తట్టుకుంటోందో చెప్పలేదేం? చీటీలో పరీక్ష సంగతీ చదవలేదేం?"

"చదివితే మాత్ర తగ్గించేవాళ్లు. నీ వేళ్లు మళ్లీ కొయ్యబారేవి. కొట్టు ఎవరు నడుపుతారు? నీ కోసమే కదే..."

"నా కోసమైతే నా కొలత నాకు చెప్పేదానివి. ఊళ్లో అందరి కొలతలూ నాకు తెలుసు. నాదే దాచావు."

అంగుళమ్మ స్టూలు మీద కూలబడి, ఎడమచేత్తో బ్లేడు పట్టుకుని ఒక్కో కుట్టూ తెంపింది. ఏడుపు రాలేదు.

మాత్ర వేళయింది. వదిన అలవాటుగా నీళ్లగ్లాసు తెచ్చింది. అంగుళమ్మ అందుకోలేదు.

"అక్కడ పెట్టు. ముందు ఆ పాత చీటీ తెచ్చి చదువు. గట్టిగా. ఒక్క అక్షరం మింగావో..."

వదిన చీటీ తెచ్చి మొదటి నుంచి చివరిదాకా చదివింది. అంతా విన్నాకే అంగుళమ్మ మాత్ర నోట్లో వేసుకుంది, గ్లాసు తనే ఎత్తుకుని.

ఇదండీ సంగతి. మీ ఇంట్లో కీళ్లనొప్పుల ఆడమనిషి ఉంటే ఇది పంపండి. ఆవిడ తన డాక్టరు చీటీ చదవలేకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించండి. మధ్యలో ఏమీ మింగకుండా.