విప్పిన ఊలు

ఆవిడ అల్లిన స్వెట్టర్ వేసుకున్నవాళ్లందరిదీ ఒకటే మాట. అందులోకి దూరాలంటే గాలి కూడా అనుమతి అడగాలి అని. అంత బిగుతు చెయ్యి. వరసలన్నీ గీత గీసినట్టుండేవి. ఒక్క కుట్టు పక్కకి జరిగినా అన్నం సయించేది కాదు, విప్పి మళ్లీ అల్లితే గానీ అక్కణ్ణించి లేచేది కాదు.

కూతురికి తల్లి పోలిక ఒక్కటీ రాలేదు. పొయ్యి మీద పాలు చూసుకుంటూ, కూనిరాగం తీస్తూ, అందరితో కబుర్లాడుతూ అల్లేది. ఒక వరస వదులు, దాని పక్కది మరీ వదులు, మధ్యలో ఉన్నట్టుండి ఒకచోట బిగుతు. ‘ఇదిగో, పాలు పొంగింది ఇక్కడే’ అని ఆ బిగుతు కుట్లని తనే చూపించి నవ్వేది. అల్లుతున్నంతసేపూ దాని మొహం చూడాలి. అంత సంతోషం ఆ రెండు సూదుల్లో ఎక్కడ దొరుకుతుందో తల్లికి బోధపడేది కాదు. ఆవిడకి అల్లిక అంటే పని, పని అంటే తప్పు లేకుండా చేయడం.

కూతురు వంటింట్లోకి వెళ్లి వచ్చేలోగా తల్లి ఆ వరసలు విప్పేసి ఉండ చుట్టేసేది.

“అమ్మా, నా అల్లికని ఎలుకేమైనా ఎత్తుకుపోయిందా?”

“ఎలుక కాదే, నేనే విప్పాను. ఆ సందుల్లోంచి పిల్లి దూరి అవతలికి పోతుంది.”

“పోనీలే, దానికి మాత్రం చలెయ్యదా?”

సూదులు పట్టడం నేర్చిన నాటి నుంచి పెళ్లయ్యాక కూడా ఇదే తంతు. కూతురు ఏనాడూ కోపం తెచ్చుకోలేదు. నవ్వి, మళ్లీ మొదలుపెట్టేది. తల్లి దాన్ని తన గెలుపు అనుకునేది.

అలాంటి పిల్ల మొన్న వానల్లో జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు.

ఇంట్లో మిగిలింది అత్త, అల్లుడు. పెళ్లయినప్పటి నుంచీ ముగ్గురూ ఆ రెండు గదుల్లోనే ఉండేవారు. అల్లుడు బస్సు డ్రైవరు. పొద్దున్నే బయల్దేరే మొదటి బస్సు అతనిదే. ఆ బస్సులో డ్రైవరు పక్క అద్దం పూర్తిగా మూసుకోదు. గాలి సూటిగా గుండెకి కొడుతుందని అతను ఎప్పుడో ఒకసారి అన్నాడట. ఆ మాట పట్టుకుని అతని భార్య ఇటుక రంగు ఊలు కొనుక్కొచ్చి స్వెట్టర్ మొదలుపెట్టింది. మొదలుపెట్టిన సంగతి మటుకు తల్లికి చెప్పలేదు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం అల్లుడు తన బట్టల అరలో అడుగునున్న సంచీ తీసుకొచ్చి అత్తగారి ముందు పెట్టాడు. అందులో సగం అల్లిన స్వెట్టర్, సూదులు, రెండు కొత్త ఊలు ఉండలు. ముందు భాగం రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది.

“ఇదెక్కడిది బాబూ?”

“తను అల్లుతుండేది అత్తయ్యా. మీ కంటపడితే ఇక అంతేనని దాచమంది.” అతను కొంచెం నవ్వబోయాడు, అది నవ్వులా రాలేదు. “మిగతాది మీరు పూర్తి చేస్తారా? కింద తను అల్లింది మాత్రం ఎలా ఉందో అలాగే ఉంచండి. తన చేత్తో చేసింది ఇదొక్కటే మిగిలింది.”

నిజమే. మిగతావన్నీ ఆవిడే విప్పి తిరగ అల్లింది కదా.

“అది కూడా చెప్పాలా బాబూ? ప్రాణంలా చూసుకుంటాను” అందావిడ. మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు అల్లుడు డ్యూటీకి వెళ్లాక కిటికీ దగ్గర కూర్చుని పని మొదలుపెట్టింది. సంచీలో నలిగి పై వరస సూది మీంచి జారిపోయి ఉంది. ఆ ఒక్క వరస విప్పితే కింద కుట్లు సరిగ్గా సూదికెక్కుతాయి. పని తెలిసినవాళ్లెవరైనా చేసేది అదే. దారం కొస పట్టుకుని నెమ్మదిగా లాగింది.

సరిగ్గా అప్పుడే పక్కింటావిడ ఊడిపడింది. ఆవిడ వియ్యపురాలు వచ్చి వెళ్లిందట. వెళుతూ వెళుతూ ‘మీ ఇంటి కుర్చీలు గట్టివి కావు’ అని ఒక మాట విసిరి వెళ్లిందట. “ఆవిడ కూర్చుంటే ఏ కుర్చీ మాత్రం ఆగుతుంది చెప్పు!” అంటూ పక్కింటావిడ ఆ వియ్యపురాలు నడిచే తీరు కూడా నడిచి చూపించింది. ఈవిడకి కూతురు పోయాక మొదటిసారి నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. నవ్వి కళ్లు తుడుచుకుని ఒళ్లోకి చూసుకుంది.

ఒళ్లో అల్లిక లేదు. ఊలు కుప్ప ఉంది.

మనసు కుర్చీల దగ్గరుంది, చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. వేళ్లకి వదులు కుట్టు తగిలింది. ఇన్నేళ్లూ వదులు కుట్టు తగిలితే ఏం చేశాయో ఇప్పుడూ అదే చేశాయి. ఎక్కడా ఆగకుండా, చివరి ముడి దాకా.

“ఏంటలా అయిపోయావు వదినా?” అంది పక్కింటావిడ.

ఒంటరిగా మిగిలాక గుండె రాయి చేసుకుని కొత్త ఉండ తీసింది. అలాగే అల్లేసి పెడితే మగవాడికి ఏం తెలుస్తుంది అనుకుంది. వదులుగా అల్లబోతే చెయ్యి వినలేదు. లావు సూదులు తీసుకుంది. వదులు వచ్చింది గానీ ఆ వదులు కూడా గీత గీసినట్టే వచ్చింది. పాలు ఎక్కడ పొంగాయో, ఎవరు పిలిచారో, ఏ మాటకి నవ్విందో, అవేవీ అందులో లేవు.

అల్లుడు వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒకసారి తడిమాడు.

“ఇది మీ చెయ్యి అత్తయ్యా.”

ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అతను అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

సెలవు రోజు పొద్దున ఆవిడ బకెట్లో నీళ్లు పోసుకుని ఆ విప్పిన ఊలు ముందేసుకుంది. పారేయడానికి మనసొప్పలేదు, అలా పెట్టుకుని చూడనూ లేకపోయింది. అల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఇదేంటి, ఇలా మెలికలు తిరిగి ఉంది?”

“విప్పిన ఊలు అంతే బాబూ. కుట్టుకొక మెలిక మిగులుతుంది. తడిపి ఆరేస్తే గానీ తిన్నగా అవదు.”

అతను వంగి ఒక పోగు తీసి వేలికి చుట్టి చూశాడు. “అంటే ఇవన్నీ తను వేసిన కుట్లేనా?”

ఆవిడ చెయ్యి నీళ్ల మీదే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఎంత ఊలు తడిపి తిన్నగా చేసిందో. ఏనాడూ ఇలా అనుకోలేదు.

“అవును. దానివే.”

“తడపకండి అత్తయ్యా. ఇలాగే అల్లండి.”

అల్లింది. మెలికల ఊలు ఆ చేతికి లొంగలేదు. ఒక కుట్టు ఉబ్బింది, ఒకటి నలిగింది. కూతురు వేసిన మెలిక ఒక్కొక్కటీ వేలి కిందుగా జారుతుంటే ఆవిడకి దుఃఖం, దాంతోపాటే ఏదో పిచ్చి సంతోషం. ఇది తెలియడానికా నాకు ఇన్నాళ్లు పట్టింది అనుకుంది. పక్కింటావిడ వచ్చి చూసి, “కళ్లు చూపించుకో వదినా” అని సలహా ఇచ్చి పోయింది.

మెలికలున్న ఊలు అయిపోయిన రోజున అల్లుణ్ణి పిలిచి, అల్లినంత మేర అతని ఒంటికి ఆనించి చూసింది. కూతురి చేతిలో అతని రొమ్ము దాకా వచ్చిన ఊలు తన చేతిలో పొట్ట కూడా దాటలేదు.

“ఇంతేనా వచ్చింది?” అన్నాడతను.

“నా చెయ్యి బిగుతు బాబూ. దాని చేతిలో అంత వచ్చింది, నా చేతిలో ఇంతే అయింది.” “ఎప్పుడూ అంతే చేశాను దాన్ని. ఒక్కటి కూడా దాని ఇష్టానికి వదల్లేదు.” అల్లుడి ముందు ఎన్నడూ ఏడవని మనిషి అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే దారం కొస వెతుక్కుంది. “ఉండు, విప్పేసి ఇంకోసారి అల్లుతాను. ఈసారి వదులుగా...”

అతను ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

“వద్దత్తయ్యా. ఇంక ఏదీ విప్పకండి.”