పసుపు పట్టిన చేపలు

ఆదివారం అంటే మా ఇంట్లో చేపల నీళ్లు మార్చే రోజు. మార్చేది నేను. సగం నీళ్లు పైపు పెట్టి బకెట్లలోకి దించాలి, అడుగున పేరుకున్న మురికి లాగాలి, ముందురోజే పట్టి ఉంచిన నీళ్లు మెల్లగా పోయాలి. నూరు లీటర్ల తొట్టి. ఖమ్మంలో కొని, పగలకుండా దుప్పట్లు చుట్టి ఇంతదూరం తెచ్చింది మా ఆయన కోటేష్. బళ్లో టీచరు. ఎవరొచ్చినా సోఫాలో కూర్చోబెట్టి, రోజూ వీటితోనే తనకు గంట పడుతుందని చెబుతాడు. ఎదురుగా గంట కూర్చునేది నిజమే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు, మా ఇంట్లో చాకిరీ ఒకరిది సోకొకరిది.

ఆ ఆదివారం ఆరు బంగారు చేపల్లో రెండు మేతకు పైకి రాలేదు. రెక్కలు ఒంటికి అంటించుకొని మూలకు నిలబడ్డాయి. ఇంకొకటి, దురద పుట్టిన బర్రె గోడకు రాసుకున్నట్టు, గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటోంది. చంటిపిల్లలకు నిమోనియా ఉందేమోనని నిమిషానికి ఊపిరి లెక్కపెట్టే ఉద్యోగం నాది. అలవాటు కొద్దీ గడియారం చూసుకుంటూ మొప్పలు లెక్కపెట్టాను. మామూలుకు రెట్టింపు కొట్టుకుంటున్నాయి. కర్టెన్లు మూసి, తొట్టి లైటు ఆపి, టార్చి పక్కనుంచి కొట్టి చూస్తే ఒంటి మీద సన్నగా పసుపు చల్లినట్టు మెరిసింది. ఉప్పురవ్వల్లా తెల్లమచ్చలైతే అది వేరే జబ్బు. ఈ పసుపు కంటికి ఆనని పురుగు, చర్మాన్నీ మొప్పల్నీ పట్టుకుని తింటుంది. దానికి బతకడానికి వెలుతురు కావాలి. అందుకని లైటు ఆపేసి, తొట్టి మీద టవల్ కప్పి, కొలిచి ఉప్పు వేసి, హీటరు రెండు డిగ్రీలు పెంచాను. తెచ్చిన మొదటి నెలలో మూడు చేపలు చచ్చిపోతే ఆయన తిట్టిన తిట్లకు, ఫోన్లో వెతికి నేర్చుకున్న చదువు ఇది. పదిరోజులు ఓపిక పడితే తగ్గుతుందని చెప్పాను.

ఓపిక పట్టడం ఆయన సిలబస్‌లో లేదు. వచ్చే ఆదివారం హెడ్మాస్టరు కుటుంబం భోజనానికి వస్తోంది, హాల్లో శవానికి కప్పినట్టు ఆ టవల్ ఏందన్నాడు. మర్నాడు బడి నుంచి వస్తూనే ఒక వీడియో చూపించాడు. మలేరియా గోలీలు నీళ్లల్లో వేస్తే రెండు రోజుల్లో పురుగు చస్తుందట. అది అబద్ధం కాదు, నేనూ చదివాను.

"నీ సంచిల ఉంటయి గదా. ఒక పది ఇయ్యి."

అవి గుంపులకు ఇచ్చేవి, ఇవ్వనన్నాను. నేను సబ్ సెంటర్లో ఏఎన్ఎంని, కాంట్రాక్టు మీద. అడవిలో నాలుగు కోయగుంపులు, పదీ పాతిక గడపల పల్లెలు, నావి. వానాకాలం నా సంచిలో ముందు సర్దేది జ్వరం పరీక్ష కిట్లూ ఆ గోలీలే. అప్పటికి ఒక్క పట్టీయే మిగిలి ఉంది. ఆయన నవ్వాడు.

"వాళ్లు మింగుతరా పాడా. నువ్విచ్చి ఎనక్కి తిరగంగనే పారేస్తరు."

మా అత్త రూప్లి, ఇంట్లో చేపలు చస్తే ఇంటికి మంచిది కాదు, ఇస్తే నీ సొమ్మేం పోతదని అందుకుంది. నేను మాట్లాడకుండా వంటింట్లోకి పోయాను. మాట్లాడకపోతే ఆ మాట అక్కడితో అయిపోయిందనుకోవడం నా పదహారేళ్ల పొరపాటు.

మంగళవారం పొద్దున వాగు దాటి అవతలి గుంపుకు పోయాను. అక్కడ ఆశా కార్యకర్త పోస్టు ఏడాదిగా ఖాళీ. దుర్గకు ఆరో నెల. మంచం మీద రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది, మంచం కోళ్లు కూడా కదులుతున్నాయి. వేలు గుచ్చి నెత్తురు చుక్క కిట్ మీద వేశాను. పావుగంటలో గీత తేలింది, మలేరియా. గోలీల కోసం సంచి జేబులో చెయ్యి పెడితే జేబు ఖాళీ. సంచి మొత్తం చాప మీద కుమ్మరించాను. జ్వరం బిళ్లలున్నాయి, ఓఆర్ఎస్ పొట్లాలున్నాయి, దూది ఉంది. అవి లేవు.

అప్పుడు నాకు ఆయన మీద అనుమానం రాలేదు. రాకపోవడమే నాకిప్పటికీ సిగ్గు. నేనే మరిచిపోయి ఉంటాననుకున్నాను. పాలు పొంగితే నీకు మతి లేదు, తాళం కనిపించకపోతే నీకు మతి లేదు, పెళ్లయిననాటి నుంచి విని విని నా మతి మీద నాకే నమ్మకం పోయింది. నన్ను నేనే తిట్టుకుంటూ, జ్వరం బిళ్ల మింగించి, మధ్యాహ్నానికల్లా మందు తెస్తానని దుర్గ అత్త ఎర్రమ్మకు చెప్పి బయల్దేరాను. అప్పుడే దుర్గను మంచం మీద వాగు దాటించి తీసుకుపోవాల్సింది. ఎందుకు తట్టలేదో నాకు తెలియదు. నా తప్పు ఏదైనా ఉంటే అది, దాన్ని ఎవరి మీదా తోయను.

ఆసుపత్రిలో గోలీలు తీసుకుని మళ్లీ వాగు దగ్గరికి వచ్చేసరికి పైన ఎక్కడో కొట్టిన వాన కిందికి దిగింది. పొద్దున మోకాళ్ల లోతు నీళ్లు ఇప్పుడు ఎర్రగా, చెట్ల కొమ్మలు మోసుకుంటూ పోతున్నాయి. సాయంత్రం దాకా ఒడ్డున నిలబడ్డాను. తడిసి ఇంటికి వస్తే తొట్టి మీద టవల్ లేదు, లైటు వెలుగుతోంది. చెత్తబుట్టలో గోలీల పట్టీ, పదికి పది గుంటలూ ఖాళీ. దుర్గ మూడు రోజులు మింగాల్సినవి కూడా సరిగ్గా పదే.

పొద్దున నేను స్నానానికి పోయినప్పుడు తానే తీశానని ఆయన దాచకుండా చెప్పాడు. దాచాల్సిన పనని అనుకుంటే కదా. దుర్గ సంగతి చెప్పాను.

"ఒక్క రోజుకు ఏం కాదు తియ్యి. గోరంతది కొండంత చేస్తవ్. ఇగో, చేపలు ఎట్ల తిరుగుతున్నయో చూడు."

తిరుగుతున్నాయి. బుధవారం కూడా వాగు తగ్గలేదు. గురువారం పొద్దున మందు నీళ్లు మార్చాలని వీడియోలో చెప్పాడట, బకెట్ నా చేతికిచ్చాడు. నేను మార్చాను. ఎందుకు మార్చానో కూడా తెలియదు, చేతులకు అలవాటు. దుర్గ మింగాల్సిన మందు నాలుగు బకెట్లు మోసి కాలవలో పోశాను. అవతల వాగు మోత వినిపిస్తూనే ఉంది.

శుక్రవారం వాగు తగ్గింది. నేను పోయేసరికి దుర్గ కడుపు పోయి ఒక రోజయింది. ఎర్రమ్మ వాకిట్లోనే కూర్చుంది. "ఏడుపు ఇనపడలె సిస్టరమ్మా," అంది, అంతే. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది. దుర్గ మొదటిరోజువి నాలుగు గోలీలూ ఒకేసారి నోట్లో వేసుకుని నా కళ్లముందే మింగింది. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. నేనూ చెప్పలేదు. మంచం మీద వాగు దాటించి భద్రాచలం పంపాను, నాలుగు రోజులుండి తిరిగొచ్చింది.

ఆదివారం హెడ్మాస్టరు కుటుంబం వచ్చి చేపల్ని మెచ్చుకుని, నేను వండిన కోడికూర తిని పోయింది.

దుర్గ కడుపు పోయిన కేసు మీద విచారణ వస్తోందని తెలిసింది. మా సూపర్‌వైజర్ సారూ కోటేషూ వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. సారు ఒక కాగితం టైపు చేయించి నా చేతిలో పెట్టాడు. సిస్టరు మంగళవారమే మందు ఇచ్చింది, నేనే మింగకుండా పారేశాను అని దుర్గ చెప్పుకున్నట్టు రాసి ఉంది. కింద వేలిముద్రకు జాగా.

"కాంట్రాక్టు మనిషివమ్మా, నీ మంచికే చెప్తున్న. వాళ్లు గోలీలు మింగరని అందరికీ తెల్సిందే గదా."

ఆ సాయంత్రం కోటేష్ నాకు టీ పెట్టి ఇచ్చాడు. పదహారేళ్లలో మొదటిసారి. చక్కెర ఎంతని అడిగాడు. మా అత్త దగ్గరికొచ్చి తల నిమిరింది. "మొగుని పేరు బజార్ల పడితే ఇల్లు నిలుస్తదా బిడ్డా," అంది. నేను ఆ టీ తాగాను. తాగుతుంటే నిజంగానే ప్రాణం కుదుటపడింది, అబద్ధం చెప్పను. ఉద్యోగం ఉంటుంది, ఇల్లు ఉంటుంది, ఇకమీదట టీ కూడా ఉంటుందేమో. వేలిముద్ర ఒక్కటే కదా అనిపించింది.

మర్నాడు ఇంకు పెట్టె, కాగితం సంచిలో పెట్టుకుని గుంపుకు పోయాను. దుర్గ గోడకు ఆనుకుని కూర్చుంది. పాలు ఆగడానికి రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుంది. కాగితం బయటికి తీయగానే ఏమిటని అడగకుండా బొటనవేలు ముందుకు చాచింది.

"ఏడ వెయ్యాలె సిస్టరమ్మా?"

మేము ఇచ్చింది మింగరని ఊరంతా అనే మనిషి, నేను ఏ కాగితం ముందు పెడితే దాని మీద వేలు వేయడానికి సిద్ధంగా ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందు నా మీద, తర్వాత ఆ టీ మీద. ఆ వేలు పట్టుకుని కిందికి దించాను. కాగితంలో ఉన్నదంతా ఆమెకు చదివి వినిపించాను.

"ఇది అబద్ధం, దుర్గా. నీ మందు మా ఇంట్ల చేపలకు వేసిండు, మా ఆయన. నాకు ఆ రోజే తెల్సింది. నీకు చెప్పలె."

ఎర్రమ్మ చేటలో బియ్యం ఏరుతున్నది ఆపింది. దుర్గ తన బొటనవేలు చూసుకుంది.

"చేపలు బతికినయా?" అని అడిగింది.

"బతికినయి."

తల ఊపి గోడవైపు తిరిగి పడుకుంది. నేను కాగితం తిరగేసి, సంచి మోకాళ్ల మీద పెట్టుకుని, జరిగింది జరిగినట్టు రాశాను. మొదటి లైనులో నా భర్త పేరు రాశాను, అక్షరం పొల్లుపోకుండా. చివర నేను దాచిన సంగతి రాశాను. దుర్గ వేలిముద్ర అడగలేదు. కింద నా సంతకం పెట్టి, ఇంటి వైపు కాకుండా, దాన్ని డాక్టరు చేతికివ్వడానికి ఆసుపత్రి వైపు నడిచాను. అది ఆదివారం, నీళ్లు మార్చే రోజు.